తప్పు వరుసను పట్టుకుంటుంది, తప్పును కాదు: వర్గ సమీకరణాలు దిద్దే యాప్‌పై ఒక లెక్కల మాస్టారి సమీక్ష

వర్గ సమీకరణాన్ని సూత్రంతో సాధించి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పెడితే ఎక్కడ తప్పు జరిగిందో చూపిస్తానంటుంది ఈ యాప్. జవాబులు చేసిపెట్టే యాప్‌లంటే నాకు మొదటి నుంచీ సరిపడదు. సమీకరణం చూపించగానే మూలాలు, అంటే దానికి సరిపోయే ఎక్స్ విలువలు, రెండూ తెర మీద పడేస్తే పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ఆ పని క్యాలిక్యులేటర్లు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. ఇది అలాంటిది కాదనీ, మనం చేసినదాన్ని దిద్దుతుందనీ నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలే చెప్పారు. దిద్దడం నా వృత్తి. అందుకని కాస్త కఠినంగానే పరీక్షించాను.

పేరు రాయడం లేదు. ఫొటో తీసి తప్పు పట్టే యాప్‌లు చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. కింద రాసిన లెక్కలను మీ ఫోనులో ఉన్నదానికి పెట్టి చూడండి, అది ఏపాటిదో మీకే తెలుస్తుంది.

పని తీరు ముందు చెబుతాను, ఎందుకంటే దీని మంచీ చెడ్డా అంతా అక్కడే ఉంది. ఫొటో చదవగానే ఈ యాప్ అన్నిటికన్నా ముందు చివరి జవాబు చూస్తుంది. అది సరిపోతే పచ్చ టిక్కు పెట్టి పంపేస్తుంది. సరిపోకపోతే పై వరుసకు వెళ్లి, ఒక్కో వరుసా దిగుతూ, పైదాని నుంచి రాకూడని వరుస మొదట ఎక్కడ తగిలితే అక్కడ ఎర్రగీత గీస్తుంది. గీత పక్కన ఒక వాక్యంలో కారణం చెప్పి, సాధనకు మూడు లెక్కలు ఇస్తుంది. అంతే. ఆర్భాటం లేదు, మధ్యలో గంతులు వేసే బొమ్మలు లేవు. అందుకు నా ధన్యవాదాలు.

పిల్లల నోటుపుస్తకాల్లో పదేపదే కనబడే తప్పులనే ఏరి, నా చేత్తో రాసి దీనికి పెట్టాను. మొదటిది అందరికీ తెలిసిందే. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0. ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0 అనే రూపానికి సూత్రం (−బి ± √(బి² − 4ఏసి))/2ఏ. ఇక్కడ బి విలువ −7. సూత్రంలో ఉన్నది −బి, అంటే +7. పిల్లలేమో −7 కనబడగానే మైనస్ వచ్చేసింది కదా అనుకుని దాన్నే కిందికి దించేస్తారు. విచక్షణి, అంటే వర్గమూలం గుర్తు కింద ఉండే బి² − 4ఏసి, 49 − 24 = 25 అని సరిగ్గానే వస్తుంది, వర్గమూలం 5, చివరికి (−7 ± 5)/4 అయి మూలాలు −1/2, −3 అని తేలతాయి. అసలు మూలాలు 1/2, 3. యాప్ ఎర్రగీతను సూటిగా ఆ −7 కిందే గీసింది. ఇంకో మంచి పని కూడా చేసింది: సరిచూసుకోవడానికి మూలాల మొత్తం కట్టమంది. లబ్ధం కట్టమని అనలేదు. ఆ తేడా తెలిసినవాళ్లెవరో దీన్ని తయారు చేశారని అప్పుడే అనిపించింది. ఎందుకంటే ఈ తప్పు లబ్ధానికి దొరకదు. −1/2, −3 గుణిస్తే 3/2 వస్తుంది, మూలాల లబ్ధం కావలసిన సి/ఏ కూడా 3/2. లబ్ధం ఒక్కటే చూసుకునే పిల్లవాడు లెక్క సరిపోయిందని సంతోషంగా పేజీ తిప్పేస్తాడు. మొత్తం కడితే −7/2 వస్తుంది, రావలసింది −బి/ఏ, అంటే +7/2, బండారం బయటపడుతుంది.

అదే సమీకరణంలో హారం 2ఏ బదులు 2 వేసి పెట్టాను. (7 ± 5)/2, అంటే మూలాలు 6, 1. దీన్నీ వెంటనే పట్టుకుంది. మూలాలు రెండూ ఉండవలసినదానికి సరిగ్గా ఏ రెట్లు, అంటే ఇక్కడ రెండు రెట్లు ఉన్నాయంటే హారంలో ఏ ఎగిరిపోయిందని అర్థం. ఆ గుర్తు చెబితే పిల్లలు తమంతట తామే పట్టుకోగలరు, కానీ యాప్ చెప్పలేదు. పెద్ద లోపమేమీ కాదు.

తర్వాతిది 3ఎక్స్² − 5ఎక్స్ − 2 = 0. (−5)² బదులు −25 రాసి, విచక్షణి −25 + 24 = −1, కాబట్టి వాస్తవ మూలాలు లేవు అని తేల్చాను. ఇది చేతి తప్పే కాదు, యంత్రం తప్పు కూడా. చాలా సైంటిఫిక్ క్యాలిక్యులేటర్లలో కుండలీకరణం లేకుండా −5² నొక్కితే −25 చూపిస్తాయి. ముందు 5ను వర్గం చేసి ఆ తర్వాతే మైనస్ తగిలిస్తాయి. యాప్ ఎర్రగీత సరైన చోటే పడింది. కానీ ఇక్కడ నేను చెప్పే మాట ఒకటుంది, అది యాప్‌కు తట్టలేదు. ఈ సమీకరణంలో ఏ, సి గుర్తులు వేరు. గుర్తులు వేరైతే −4ఏసి ధనాత్మకం, బి² ఎన్నటికీ ఋణాత్మకం కాదు, కాబట్టి విచక్షణి సున్నా కన్నా పెద్దదే అయి తీరాలి. వాస్తవ మూలాలు లేవని రాయడానికి ఇక్కడ వీలే లేదు. లెక్క తిరగేయనక్కరలేదు, సమీకరణం వైపు ఒక్క చూపు చాలు. దిద్దేవాడు నేర్పవలసింది ఆ చూపునే. (అసలు మూలాలు 2, −1/3.)

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడి నుంచి పేచీ మొదలవుతుంది.

3ఎక్స్² = 5ఎక్స్ + 2 అని ఇచ్చాను. ఇది ఇప్పుడు చేసిన సమీకరణమే, కాకపోతే ప్రామాణిక రూపంలో లేదు. సున్నా ఒక పక్కకు రాకుండానే ఏ = 3, బి = 5, సి = 2 అని తీసుకుని, 25 − 24 = 1, మూలాలు −2/3, −1 అని ముగించాను. యాప్ ఏమందంటే: బి విలువ తప్పు, బి = −5. సరే, మాట వినే పిల్లవాడిలా బి ఒక్కటే మార్చి మళ్లీ చేశాను. 1, 2/3 వచ్చాయి. మళ్లీ ఎర్రగీత: సి విలువ తప్పు, సి = −2. అది మార్చాక టిక్కు పెట్టింది. దాని లెక్కలో నేను రెండు తప్పులు చేశాను. నిజానికి జరిగింది ఒకటే: పదాలన్నీ ఒకవైపు తేకుండానే గుణకాలు ఎత్తుకున్నాను. 3ఎక్స్² + 5ఎక్స్ + 2 = 0 అనే వేరే సమీకరణాన్ని ఎక్కడా తడబడకుండా సాధించాను. ఆ మాట పిల్లవాడికి చెబితే ఒక్కసారికే పోతుంది. బి తప్పు, సి తప్పు అంటే మాత్రం మర్నాడు ఇంకో సమీకరణంలో ఇంకో రెండు గుర్తులు తప్పుతాడు, తనకు గుర్తులు రావనుకుంటాడు.

అంతకన్నా ముదిరిన సంగతి భాగహార గీతది. ఎక్స్² − 6ఎక్స్ + 8 = 0 తీసుకోండి. సరిగ్గా చేస్తే (6 ± 2)/2, మూలాలు 4, 2. కొందరు పిల్లలు గీతను వర్గమూలం కింద వరకే గీస్తారు, ముందున్న 6 గీతకు బయట ఉండిపోతుంది. తర్వాతి వరుసలో 6 ± 2/2 అని రాస్తారు, ఆ తర్వాత 6 ± 1, అంటే 7, 5. చూడండి, వాళ్లు రాసినదాన్ని వాళ్లు తప్పులేకుండానే చేశారు. తప్పల్లా సూత్రం గుర్తున్న తీరులో ఉంది: 2ఏ అనేది మొత్తానికి హారం అన్న సంగతి వాళ్ల తలలో లేదు. నేను సరిగ్గా అలాగే, పొట్టి గీతతో రాసి పెట్టాను. యాప్ ఆ పొట్టి గీతను దయతలచి పొడుగు గీతగా చదువుకుంది. సూత్రంలో ఉండవలసిన గీత పొడుగుదే కాబట్టి అదే అనుకున్నట్టుంది. దాంతో మొదటి వరుసకు తప్పు లేదంది, రెండో వరుసకు ఎర్రగీత పెట్టి, భాగహారంలో పొరపాటు, రెండు పదాలనూ 2తో భాగించాలి అంది. సాధనకు (8 + 4)/2 లాంటివి మూడు ఇచ్చింది. వాటిని ఆ పిల్లవాడు కళ్లు మూసుకుని చేసేస్తాడు, మళ్లీ సూత్రం దగ్గరికి వచ్చేసరికి పొట్టి గీతే గీస్తాడు. రోగం ఒకచోట, మందు ఒకచోట.

దీనికి నా మందు చాలా పాతది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఈ ఉపాయాన్ని తన కన్నా ముందువాడైన శ్రీధరాచార్యుడిదిగా చెప్పాడు. సమీకరణాన్ని 4ఏతో గుణించు, రెండు పక్కలా బి² కలుపు, అంతే సంగతి. మన లెక్కలో ఏ = 1, కాబట్టి 4తో గుణిస్తే 4ఎక్స్² − 24ఎక్స్ + 32 = 0. 32ను అటు పంపి 36 కలిపితే ఎడమ పక్క (2ఎక్స్ − 6)² అవుతుంది, కుడి పక్క 4. వర్గమూలం తీస్తే 2ఎక్స్ − 6 = ±2. ఇప్పుడు 6 అటు వెళ్తుంది: 2ఎక్స్ = 6 ± 2. ఆ తర్వాత కదా 2తో భాగించేది! 6 అప్పటికే కుడి పక్కకు చేరిపోయింది, గీత కింద నుంచి తప్పించుకోవడానికి దానికి దారి లేదు. దీన్ని ఒక్కసారి చేతితో చేయించిన పిల్లల్లో పొట్టి గీత గీసేవాళ్లు నాకు మళ్లీ కనబడలేదు. మధ్యలో భిన్నాలు రావు కాబట్టి, వర్గాన్ని పూర్తి చేసే మామూలు పద్ధతి కన్నా ఇది పిల్లలకు తేలిక కూడా. యాప్‌లో సూత్రం ఎలా వచ్చింది అనే పేజీ ఒకటుంది, కానీ అది ఏతో భాగించి మొదలుపెట్టి నాలుగో వరుసకే భిన్నాల అడవిలోకి తీసుకుపోతుంది. పైగా ఏ ఎర్రగీత నుంచీ ఆ పేజీకి దారి పెట్టలేదు.

ఇక పచ్చ టిక్కు సంగతి. నా దగ్గర చదువుకునే అమ్మాయి ఒకతి 2ఎక్స్² + 5ఎక్స్ − 3 = 0 చేసి తెచ్చింది. మొదటి వరుసలో ఏ = 2, బి = 5, సి = 3 అని రాసింది. విచక్షణి దగ్గర బి² + 4ఏసి అని రాసి 25 + 24 = 49 చేసింది. మూలాలు 1/2, −3. జవాబు సరైనదే. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నేను సి దగ్గర ఒక సున్న, ప్లస్ దగ్గర ఒక సున్న చుట్టాను.

“మాస్టారూ, యాప్ పచ్చ టిక్కు పెట్టింది కదా, మీరెందుకు చుట్టారు?” అంది, ఫోను చూపిస్తూ.

నిజమే, పెట్టింది. చివరి జవాబు సరిపోయింది కాబట్టి పైకి వెళ్లి చూడనే లేదు. నేను వాదించకుండా ఎక్స్² + 5ఎక్స్ + 6 = 0 ఇచ్చాను. మళ్లీ బి² + 4ఏసి, మళ్లీ 25 + 24 = 49, మూలాలు 1, −6 అంది. కారణాంకాలతో చేసినా నోటికి వచ్చే లెక్క ఇది, −2, −3. ఈసారి ఫొటో తీస్తే యాప్ ఎర్రగీత గీసి, విచక్షణిలో గుర్తు తప్పు అంది. అమ్మాయి మొహం చూడాలి. అంతకు ముందే టిక్కు పెట్టిన పద్ధతిని ఇప్పుడు తప్పంటే, ఏది నమ్మాలి? ఏ బోర్డు పరీక్షలోనో అడుగడుగుకూ మార్కులుంటాయన్న సంగతి పక్కన పెట్టండి. సి గుర్తును పైన వదిలేసి కింద ప్లస్‌తో సర్దుకునే అలవాటు ఒకసారి పడితే వదిలించడం ఎంత కష్టమో దిద్దేవాళ్లకు తెలుసు. ఆ అలవాటుకు ఈ యాప్ ముద్ర వేసి పంపుతోంది.

ఇదే గుణం దశాంశాల దగ్గర ఇంకో రూపంలో బయటపడింది. ఎక్స్² − 50ఎక్స్ + 1 = 0. విచక్షణి 2496, దాని వర్గమూలం దాదాపు 49.96. దాన్ని ఒక దశాంశానికి సవరించి 50.0 అని రాశాననుకోండి, మూలాలు 50, 0 అవుతాయి. అలాగే రాసి పెట్టాను. యాప్ టిక్కు పెట్టింది! జవాబుకు దగ్గరగా ఉంటే చాలనుకుంది కాబోలు. ఎక్స్ = 0 అని సమీకరణంలో పెడితే 1 = 0 వస్తుంది. దగ్గరగా ఉండడం అంటే ఇదా? దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు మిగిలేది సవరణలో పోయిన అంకెలే. ఇలాంటి చోట పెద్ద మూలాన్ని సూత్రంతో కట్టి, చిన్నదాన్ని లబ్ధం నుంచి రాబట్టాలి: లబ్ధం 1 కాబట్టి 1ని 49.98తో భాగిస్తే 0.020008. అసలు తేడా అంతా ఆ చిన్న మూలంలోనే ఉంది, యాప్ చూడనిదీ దాన్నే.

చేతిరాత చదవడంలో పరవాలేదు. నా ఏడును అప్పుడప్పుడు ఒకటిగా చదివింది, ± గుర్తులో కింది గీత చిన్నదైతే ఉత్త ప్లస్ అనుకుని ఇంకో మూలం ఏదని అడిగింది. చదివినదాన్ని మనకు చూపించి సరిచేసుకోనిస్తుంది కాబట్టి దీని మీద నాకు పట్టింపు లేదు.

నాకు నిజంగా నచ్చింది యాప్‌లో ఓ మూల పడి ఉన్న రెండో విభాగం. అందులో ఎవరో చేసినట్టున్న లెక్కలు ఉంటాయి, తప్పు ఏ వరుసలో ఉందో మనం చెప్పాలి. కొన్నిటిలో తప్పే ఉండదు, ‘తప్పు లేదు’ అని నొక్కాలి. ఆ ఒక్క మీట వల్లే ఈ విభాగానికి విలువ. ప్రతిదాంట్లో తప్పు ఉందని ముందే తెలిస్తే పిల్లలు వెతకరు, ఊహిస్తారు. ఎక్స్² + 4ఎక్స్ + 4 = 0 లెక్క ఒకటి అందులో ఉంది. విచక్షణి 16 − 16 = 0, మూలం −2 ఒక్కటే రాసి ముగించారు. నా పిల్లల్లో సగానికి పైగా చివరి వరుస తప్పన్నారు, ± ఎక్కడికి పోయిందని, రెండో మూలం ఏదని. సున్నాను కలిపినా తీసినా అదే సంఖ్య, రెండు మూలాలూ సమానం అని వాళ్లలో వాళ్లే తగువు పడి తేల్చుకున్నారు. నేను నోరు మెదపలేదు. ఇంకోదాంట్లో (6 ± 2√5)/2 నుంచి 3 ± 2√5 వచ్చింది. 6ను మాత్రమే భాగించి 2√5ను వదిలేసినట్టు పట్టుకోవాలి, 3 ± √5 కావాలి. ఎక్స్² − 9 = 0లో బి = −9, సి = 0 అని తీసుకున్న లెక్క కూడా ఉంది, మధ్య పదం లేదంటే బి సున్నా అని తట్టనివాళ్ల కోసం. ఏరిన చెయ్యి మంచిది. ఈ విభాగాన్ని రాసినవారూ, ఫొటో దిద్దే భాగాన్ని రాసినవారూ ఒకరు కాదేమోనని నా అనుమానం. లెక్కలు మాత్రం తక్కువ, త్వరగా అయిపోతాయి. ఫొటోల మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఇటు మళ్లిస్తే బాగుండేది.

ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను, అందులో రెండు ఈ రెండో విభాగానివే. సూత్రం ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు, దిద్దేవాళ్లు పక్కన లేకుండా, ఫొటో భాగాన్ని అప్పగించవద్దు. సూత్రం బాగా వచ్చి, తొందరలో గుర్తులు జారవిడిచేవాళ్లకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. వాళ్లకు కావలసింది వరుస చూపించడమే, కారణం వాళ్లకే తెలుసు.

వాడేవాళ్లకు ఒక చిట్కా. చివరి జవాబు ముందు చూసే పద్ధతిని మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఎక్కడా లేదు. కాబట్టి ఫొటో తీసేముందు జవాబులున్న వరుసను లోపలికి మడిచేయండి. పోల్చడానికి జవాబు లేక, అది గత్యంతరం లేనట్టు మొదటి వరుస నుంచి చదువుకుంటూ వస్తుంది. ఆ అమ్మాయి కాగితాన్ని అలా మడిచి పెట్టి చూశాను. సి = 3 కింద ఎర్రగీత పడింది.